మన్యం ఇళ్లలో వెచ్చదనం: ఒక ఖర్చు చరిత్ర

తెలుగు మైదానాల్లో ఇంటిని చల్లగా ఉంచుకోవడానికయ్యే ఖర్చు గురించి ప్రతి వేసవిలోనూ చర్చ జరుగుతుంది గాని, ఇంటిని వెచ్చగా ఉంచుకోవడానికి కూడా ఖర్చవుతుందన్న ఆలోచన అక్కడ దాదాపు కనిపించదు. అక్కడి చలి సంక్రాంతికి అటూ ఇటూ కొన్ని వారాలు ఉండి, ఒక దుప్పటితో గడిచిపోయేది కావడమే అందుకు కారణం. తూర్పు కనుమల్లోని అరకు లోయ, పాడేరు, చింతపల్లి ప్రాంతాల్లో పరిస్థితి వేరు. అక్కడ కార్తికం చివరినుంచి మాఘం దాకా రాత్రి వెచ్చదనం తిండిగింజలంత ముఖ్యమైన అవసరం, దాన్ని సమకూర్చుకోవడానికి ప్రతి ఇల్లూ ఏదో ఒక రూపంలో మూల్యం చెల్లిస్తూనే వచ్చింది. ఆ మూల్యం మొదట కట్టెల మోపుగానూ, అది మోసిన ఆడవాళ్ల నడకగానూ ఉండేది, తరువాత అటవీ చట్టం కింద పడే జరిమానాగా కూడా మారింది, ఇప్పుడు కరెంటు మీటరులో యూనిట్లుగా నమోదవుతోంది. గోడ సాకెట్టులో గుచ్చి, హీటరును దానికి తగిలించి, గది తగినంత వెచ్చబడగానే కరెంటును తానే ఆపే థర్మోస్టాట్ అనే చిన్న పరికరం ఈ క్రమంలో చివరగా వచ్చింది. మన్యంలో దాని ఉపయోగమెంతో తేల్చాలంటే ముందుగా అక్కడి పొయ్యి చరిత్రను, ఇంటి చరిత్రను చూడవలసి ఉంటుంది.

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున, చింతపల్లి మండలంలోని లంబసింగి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్నాయి. ఉష్ణమండలంలో ఈ మాత్రపు ఎత్తు గడ్డకట్టే చలికి చాలదు. అయినా లంబసింగిలో కనిష్ఠ ఉష్ణోగ్రత కొన్ని ఏళ్లలో సున్నాకు దగ్గరగా దిగడానికి ఎత్తుతో పాటు నేల అమరిక కూడా కారణం. శీతాకాలపు నిర్మలమైన రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, దానిని ఆనుకుని ఉన్న గాలి చల్లబడి బరువెక్కి కొండవాలుల వెంట నీరులాగే పల్లానికి జారుతుంది, చుట్టూ కొండలుండడంతో బయటికి పోయే దారిలేక లోయ అడుగున నిలిచిపోతుంది. అందువల్ల లోయ మధ్యలోని ఊరు వాలు మీది ఊరికంటే తెల్లవారుజామున ఎక్కువ చల్లగా ఉంటుంది, పొద్దెక్కేదాకా మంచు తెర వీడదు. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం, పాడేరు దగ్గర మినుములూరులోని కాఫీ బోర్డు కేంద్రం నమోదు చేసే ఒంటి అంకె ఉష్ణోగ్రతలను పత్రికలు ఏటా డిసెంబరు, జనవరి నెలల్లో అచ్చువేస్తాయి. అయితే అదే రోజు మధ్యాహ్నం ఎండ హాయిగానే కాస్తుంది. అంటే ఈ కొండల్లో వేడి అవసరం రోజంతా ఉండేది కాదు, మాపటివేళ మొదలై తెల్లవారుజామున తీవ్రమై పొద్దెక్కగానే తీరిపోయేది. ఎప్పుడు రాజేయాలి, ఎంత రాజేయాలి, ఎప్పుడు తగ్గించాలి అన్న అదుపు సమస్య ఇక్కడి జీవితంలో ఎప్పటినుంచో ఉండడానికి మూలం ఇదే.

ఆ సమస్యకు పాత ఇంటి నడుమ ఉన్న పొయ్యి ఇచ్చిన జవాబు చాలా శ్రద్ధగా చూడదగ్గది. మూడు రాళ్ల మధ్య చితుకులు వేసి మంట లేపడం వంటకు సరిపోతుంది గాని రాత్రి చలికి అది చాలదు. చలికి కావలసింది నిదానంగా కాలే దుంగ. బూరుగు వంటి మెత్తటి కలప గప్పున మండి బూడిదైపోతుంది, మద్ది వంటి చేవ గల కలప నిప్పు పట్టడానికి ఆలస్యం చేసినా గంటల తరబడి కణకణలాడుతుంది, కనుక వంటకు ఒక రకం, రాత్రికి ఒక రకం కట్టెలను ఏరి వేరుగా పెట్టుకోవడం కట్టెలతో బతికే ఇళ్లలో ఆనవాయితీ. పొడవాటి దుంగలను కొసలు మాత్రమే కలిసేలా పొయ్యిలోకి పెట్టి, కాలినకొద్దీ లోపలికి నెడుతూ పోతే వేడి నిలకడగా వస్తుంది. కొసలను ఒకదానికొకటి దూరంగా లాగితే మంట తనంతట తానే అణగిపోతుంది, ఎందుకంటే ఒంటరిగా పడి ఉన్న దుంగ తన నిప్పును తాను నిలుపుకోలేదు. పడుకోబోయే ముందు కణికల మీద బూడిద కప్పుతారు. ఈ నివురు, అంటే నిప్పును కప్పి ఉంచే పలుచని బూడిద పొర, గాలి తగలకుండా చేసి దహనాన్ని నెమ్మదింపజేస్తుంది, తెల్లవారుజామున దానిని పక్కకు నెట్టి ఊదితే అగ్గిపుల్ల అవసరం లేకుండానే మంట లేస్తుంది. దుంగను నెట్టడం, లాగడం, నివురు కప్పడం అనే మూడు పనులతో ఇంటి పెద్ద దిక్కయిన ఆడమనిషి గదిలోని వేడిని, కట్టెల ఖర్చును ఏకకాలంలో అదుపు చేసేది. అక్కడ ఉష్ణోగ్రతను కొలిచే సాధనం ఆమె ఒళ్లే; ఆ కొలతలో పొరపాటు జరిగితే మరునాటి కట్టె ఈ రాత్రే కరిగిపోయేది.

ఈ పొయ్యిని వంటకో వెచ్చదనానికో మాత్రమే పరిమితమైన వస్తువుగా చూస్తే దాని విలువ సగం తెలియదు. దాని పైన కట్టిన అటక మీద విత్తనాల మొక్కజొన్న కంకులు, ఎండబెట్టవలసిన దినుసులు పొగకు ఆరుతూ పురుగు పట్టకుండా నిలిచేవి, గడ్డికప్పు పొగచూరి చెదకు లొంగేది కాదు, దోమలు తగ్గేవి, చీకట్లో వెలుగు కూడా ఆ మంటనుంచే వచ్చేది. మన్యపు జ్వరంగా పేరుబడ్డ మలేరియా ఎంతటి భయం పుట్టించిందంటే ఆ కొండలకు బదిలీ అంటేనే మైదానపు ఉద్యోగులు వెనుదీసేవారు. అటువంటి చోట రాత్రంతా ఇంట్లో పొగ నిలవడం కేవలం కష్టంగా కాక రక్షణగా కూడా అనిపించడంలో వింత లేదు. దానికి చెల్లించిన వెల మాత్రం చిన్నది కాదు. పొయ్యి దగ్గర ఎక్కువసేపు గడిపే ఆడవాళ్ల, పసిపిల్లల ఊపిరితిత్తులకు, కళ్లకు ఆ పొగ చేసిన చెరుపు ఏ లెక్కలోనూ ఖర్చుగా చేరలేదు.

ఇంటి కట్టుబడి కూడా ఈ పొయ్యికి తగినట్టే ఉండేది. వెదురు తడికకు రెండువైపులా మందంగా మట్టి మెత్తిన గోడలు, వంగితే తప్ప లోనికి పోలేని గుమ్మం, కిటికీ లేకపోవడం, దాదాపు నేలను తాకేంత కిందికి దిగిన చూరు అనే లక్షణాలను చూసి పాత రాతల్లో కొందరు వెనుకబాటుతనంగా వర్ణించారు గాని, గాలి చొరబాటును తగ్గించి వేడిని పట్టి ఉంచడానికి అంతకంటే తక్కువ ఖర్చులో వేరే మార్గం అప్పట్లో లేదు. గదబ తెగవారి పాత ఇళ్లలో గుండ్రటి గోడ, శంకువు ఆకారపు కప్పు కనిపించేవి; ఒకే వైశాల్యానికి చుట్టుగోడ పొడవు వృత్తంలో అన్నిటికంటే తక్కువ కనుక వేడి పోయే తావు కూడా తక్కువే. కోందు, సవర తెగల ఊళ్లలో ఇళ్లు గోడకు గోడ ఆనించి వీధికి రెండు పక్కలా వరుసలుగా ఉండేవి, మధ్య ఇంటికి రెండువైపుల చలిగాలి తగిలే గోడే లేకపోవడంతో పొరుగింటి పొయ్యి వేడి కొంత దక్కేది. వీటిని కట్టినవారు వేడి లెక్క వేసే కట్టారని చెప్పడం సాహసమే అవుతుంది, బంధుత్వం, రక్షణ, ఆచారం అన్నీ అందులో ఉన్నాయి. అయినా ఫలితం మాత్రం కట్టె ఆదా. బట్ట తక్కువైన చోట ఈ ఆదా మరీ అవసరం. గదబ స్త్రీలు కెరంగ్ అనే పొద బెరడు నారతో పత్తినూలు కలిపి నేసుకున్న చారల బట్టలు దిట్టమైనవే గాని, వాటిని నేయడానికి పట్టే శ్రమ దృష్ట్యా ఒక్కొక్కరికి ఉండేవి కొద్దిపాటివే.

కట్టె ఉచితంగా దొరికేదన్న మాట మైదానపు పుస్తకాల్లో తరచుగా కనిపిస్తుంది గాని అది నిజం కాదు. బాగా ఎండిన కట్టె కిలోకు సుమారు 4 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి ఉంటుంది, ఆ లెక్కన 20 కిలోల మోపు అంటే 80 యూనిట్లు నెత్తిన పెట్టుకుని కొండ దిగడం. అందులో మూడురాళ్ల పొయ్యి మీది కుండకు చేరేది పదోవంతు కంటే కొంచెం ఎక్కువ, మిగిలింది గదిలోకీ కప్పులోంచి బయటికీ పోతుంది. పోడు సాగు ఉన్నన్నాళ్లు, అంటే కొండవాలున చెట్టూ చేమా నరికి కాల్చి, ఆ బూడిద బలంతో రెండు మూడేళ్లు పంట తీసి, తిరిగి అడవి పెరగడానికి ఆ నేలను వదిలేసే పద్ధతి సాగినన్నాళ్లు, కాలక మిగిలిన దుంగలు ఊరికి దగ్గరలోనే దొరికేవి. బీడు కాలం తగ్గి అడవి దూరమైనకొద్దీ మోపు కోసం నడక పెరిగింది, ఆ నడక దాదాపుగా ఆడవాళ్లదే.

దూరం పెంచిన మరొక శక్తి చట్టం. విశాఖపట్నం, గంజాం జిల్లాల కొండ ప్రాంతాలను 1839 నాటి 24వ చట్టం సాధారణ న్యాయస్థానాల పరిధినుంచి తప్పించి, గవర్నరు ఏజెంటుగా కలెక్టరు పాలనలోకి తెచ్చింది. నేటికీ వాడుకలో ఉన్న ఏజెన్సీ అనే పేరు అక్కడినుంచి వచ్చినదే. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం ప్రభుత్వానికి అడవిని రిజర్వుగా ప్రకటించే అధికారమిచ్చింది, రిజర్వు అయిన చోట అనుమతి లేనిదే చెట్టు నరకడం, నిప్పు పెట్టడం, కలప తీసుకుపోవడం శిక్షార్హమయ్యాయి. ఇంటి అవసరానికి ఎండుకట్టె ఏరుకోవడాన్ని చాలాచోట్ల చూసీ చూడనట్టు వదిలేసినా, వదిలేయడమా పట్టుకోవడమా అన్నది కింది ఉద్యోగి ఇష్టాన్ని బట్టి తేలేది, ఆ ఇష్టానికి కోడి, ధాన్యం, వెట్టి రూపంలో వెల ఉండేది. గూడెం, రంప కొండల్లో పోడు మీద ఆంక్షలు, అడవి రుసుములు, ఘాట్ రోడ్డు పనికి బలవంతపు కూలి కలిసి పెంచిన ఆగ్రహమే అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద దాడిగా బయటపడింది. ఆ తిరుగుబాటును కట్టెల కోసం జరిగిన పోరాటమని కుదించడం అన్యాయం; అడవి మీద అధికారం ఎవరిదన్న ప్రశ్నలో మాత్రం ఇంటి పొయ్యి కూడా ఉంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి జయపురం సంస్థానం అటు చేరినప్పుడు ఒకే కొండ, ఒకే చలి రెండు పాలనల కింద విడిపోయాయి. రిజర్వు అడవుల నిషేధాలు 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టంలోనూ కొనసాగాయి, 2006 అటవీ హక్కుల చట్టం చిన్న తరహా అటవీ ఫలసాయం నిర్వచనంలో పొదకట్టెను, మోళ్లను చేర్చడంతో గాని ఆ కొండల పొయ్యికి చట్టబద్ధమైన ఇంధనం దొరికిందని చెప్పడానికి వీలుపడలేదు.

ఈ మధ్యలో ఆ కొండల నీటినుంచే మరో రకపు శక్తి పుట్టింది. పాడేరు ప్రాంతపు మత్స్యగెడ్డ నీటిని కలుపుకుని పారే మాచ్‌ఖండ్ నది డుడుమ దగ్గర లోతైన జలపాతంగా దూకుతుంది; ఆ దూకుడును వాడుకునే జలవిద్యుత్ కేంద్రం నిర్మాణానికి మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు పూనుకోగా, 1955లో, అప్పటికి ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి ఉండడంతో, రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆస్తిగా అది ఉత్పత్తి మొదలుపెట్టింది. దాదాపు 120 మెగావాట్ల సామర్థ్యం గల ఆ కేంద్రం కోసం కట్టిన జోలాపుట్ జలాశయం కింద గిరిజన గ్రామాలు మునిగాయి, విద్యుత్తు ఎత్తు స్తంభాల మీద కొండలు దాటి మైదానపు పట్టణాలకు, కర్మాగారాలకు చేరింది. అదే నది దిగువన సీలేరుగా మారిన చోట 240 మెగావాట్ల ఎగువ సీలేరు, 460 మెగావాట్ల దిగువ సీలేరు కేంద్రాలు తరువాత వచ్చాయి. నేలను, నీటిని ఇచ్చిన ఊళ్లలో ఎన్నో ఊళ్లు ఆ తీగల కిందే దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డీతో, పొయ్యి మంటతో గడిపాయి. విశాఖపట్నంలో ఇంటిని చల్లబరచిన కరెంటులో కొంత, ఇంటిని వెచ్చబరచుకోవడానికి కట్టె తప్ప గతిలేని చోటునుంచే వచ్చిందన్న సంగతిని ఈ కొండల చరిత్ర రాసేవారు దాటిపోకూడదు.

కట్టె వాడకాన్ని తగ్గించాలన్న ప్రభుత్వ ప్రయత్నాలు 1980లలో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమంతో మొదలయ్యాయి. పొగలేని పొయ్యి అని పేరుబడ్డ ఈ మట్టి పొయ్యికి గొట్టం ఉంటుంది, మంట మూసిన అరలో మండి కుండకు ఎక్కువ వేడిని అందిస్తుంది, పొగ గొట్టం గుండా బయటికి పోతుంది. మైదానపు వంటింటికి ఇది మేలే. చలికొండల్లో మాత్రం పొగతో పాటు గదికి అందవలసిన వేడీ వెలుగూ కూడా తగ్గిపోయాయి, దుంగను కొద్దికొద్దిగా నెట్టే వీలు పోయింది, చిన్న నోటికి సరిపోయేలా కట్టెను ముక్కలు కొట్టే పని పెరిగింది. 1999లో రాష్ట్రంలో మొదలైన దీపం పథకం, 2016లో దేశవ్యాప్తంగా వచ్చిన ఉజ్వల పథకం వంటగ్యాసును పేద ఇళ్లకు చేర్చి ఆడవాళ్లకు నిజమైన ఊరటనిచ్చాయి. అయినా గ్యాసు పొయ్యి ఉన్న కొండ ఇంట్లో కట్టెల పొయ్యి కూడా వెలుగుతూనే ఉంటే దానిని అలవాటుగానో అవగాహన లేమిగానో సమీక్షల్లో రాయడం పరిపాటి అయింది. సిలిండరు అన్నం ఉడికిస్తుంది గాని రాత్రంతా గదిని కాయదు, కాయడానికి వాడితే నెల సిలిండరు చాలా ముందే అయిపోతుంది. పొయ్యి మిగిలి ఉండడానికి కారణం చలి, ఆ సంగతిని పథకం రూపకల్పనలోనే గుర్తించి ఉండవలసింది.

కరెంటు ఇళ్లలోకి విస్తరించాక, ముఖ్యంగా ఉద్యోగుల క్వార్టర్లలోనూ పర్యాటకుల బసల్లోనూ, రూమ్ హీటరు అనే కొత్త పొయ్యి వచ్చింది. దాని ఖర్చు లెక్క సులభం: 1,000 వాట్ల హీటరు ఒక గంట వెలిగితే ఒక యూనిట్. రాత్రి తొమ్మిదినుంచి తెల్లవారి అయిదు దాకా నిలిపి ఉంచితే 8 యూనిట్లు, నెలకు 240 యూనిట్లు. షెడ్యూల్డు కులాల, తెగల ఇళ్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో ఉచిత విద్యుత్ పరిమితిని నెలకు 200 యూనిట్లకు పెంచింది. దీపాలకు, పంకాకు, టీవీకి అది ధారాళమే గాని ఒక్క చిన్న హీటరు దానిని మించిపోగలదు. పరిమితి విశాఖ వాడకూ అరకు ఊరికీ ఒకటే, డిసెంబరుకూ జూనుకూ ఒకటే. దుంగను నెట్టే చేయి హీటరు దగ్గర లేకపోవడమే ఇక్కడి అసలు చిక్కు. మీట వేసి నిద్రపోతే అది గది వేడెక్కినా ఆగదు, చలికి లేచి వేసి ఉక్కకు లేచి ఆపుతూ ఉంటే నిద్ర ఉండదు. థర్మోస్టాట్ పుట్టింది ఈ ఖాళీని పూడ్చడానికే.

దాని పుట్టుక ఈ కొండలకు చాలా దూరంలో జరిగింది. పదిహేడో శతాబ్దంలో హాలెండులో పుట్టి ఇంగ్లండులో పనిచేసిన కార్నెలిస్ డ్రెబెల్ గుడ్లు పొదిగే పెట్టెలో వేడి పెరిగితే పాదరసం పైకి కదిలి గాలి దారిని మూసే ఏర్పాటు చేశాడు. వస్త్రాల మిల్లుల్లో వేడి నిలకడ అవసరాన్ని గమనించిన స్కాట్లండు రసాయన శాస్త్రవేత్త ఆండ్రూ యూర్, రెండు లోహాలను అతికించిన పట్టీతో పనిచేసే సాధనానికి 1830లో పేటెంటు పొందాడు. వేడికి ఒక లోహం ఎక్కువ, ఇంకొకటి తక్కువ సాగుతాయి కనుక పట్టీ ఒకవైపు వంగుతుంది, వంగినప్పుడు మీట కదులుతుంది, చల్లారితే తిరిగి నిటారవుతుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో బోధించిన వారెన్ జాన్సన్, తరగతి గదుల వేడి చూసుకోవడానికి సిబ్బంది మాటిమాటికీ లోపలికి రావలసి రావడం చూసి, గది వేడిని కొలిచి కింది అంతస్తులోని మనిషికి గంట మోగించి తెలిపే విద్యుత్ సాధనానికి 1883లో పేటెంటు తీసుకున్నాడు. తెలుగు ఇళ్లలోకి ఈ సూత్రం ఎప్పుడో ఇస్త్రీపెట్టెలోనూ నీళ్ల గీజరులోనూ దాగి వచ్చేసింది. ఇస్త్రీపెట్టె దీపం వెలిగి ఆరడం వెనుక ఉన్నది ఆ రెండు లోహాల పట్టీయే.

సాకెట్టు థర్మోస్టాటులో పట్టీ స్థానంలో సాధారణంగా ఉష్ణోగ్రతను బట్టి విద్యుత్ నిరోధం మారే చిన్న గ్రాహకం, కరెంటును కలిపి విడదీసే రిలే అనే విద్యుత్ మీట ఉంటాయి. వాడేవారు 18 డిగ్రీలని నిర్ణయిస్తే, గది 18కి చేరగానే హీటరు ఆగుతుంది, ఒకటి రెండు డిగ్రీలు తగ్గాక తిరిగి వెలుగుతుంది. ఆ చిన్న తేడా లేకపోతే మీట క్షణక్షణం కొట్టుకుని త్వరగా పాడవుతుంది. గ్రాహకాన్ని హీటరు ఎదుట పెడితే గది చల్లగా ఉండగానే ఆగిపోతుంది, తలుపు సందు దగ్గర పెడితే ఎప్పటికీ ఆగదు, కనుక మంచం ఎత్తున, నేరుగా వేడి తగలని చోట ఉంచాలి. ఇంటి మామూలు సాకెట్టు 6 ఆంపియర్లకే తగినది, 230 వోల్టుల వద్ద 1,500 వాట్ల హీటరు దానిని మించుతుంది, కాబట్టి 16 ఆంపియర్ల సాకెట్టు, అంతే సామర్థ్యం గల థర్మోస్టాట్ తప్పనిసరి. ఆరిపోయినట్టు కనిపించే హీటరు మనిషి ప్రమేయం లేకుండా మళ్లీ వెలుగుతుందన్న ఎరుకతో దుప్పట్లను, ఆరవేసిన బట్టలను దానికి దూరంగా ఉంచాలి. తీగ చివరి ఊళ్లలో వోల్టేజీ 180కి పడిపోతే 1,000 వాట్ల హీటరు దాదాపు 610 వాట్ల వేడి మాత్రమే ఇస్తుంది, గది నిర్ణీత వేడికి చేరక అది రాత్రంతా వెలుగుతూనే ఉంటుంది. ఇన్ని జాగ్రత్తల తరువాత, హీటరు సగం సేపే వెలిగే గదిలో నెలకు 240 యూనిట్లు 120కి దిగుతాయి, అంటే ఉచిత పరిమితిలో ఇమిడిపోతాయి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, అంటే నిప్పులు నింపిన చిన్న మట్టి పొయ్యి, పెట్టుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ అనే వాసనలేని వాయువు ప్రాణం తీయగలదు; ఆ ప్రమాదం కూడా ఇక్కడ ఉండదు.

హీటరు సగం సేపు ఆగుతుందా అన్నది పరికరం చేతిలో లేదు, ఇంటి చేతిలో ఉంది. పాత గడ్డికప్పు అడుగుకు కాస్త అటూ ఇటూ మందాన ఉండి, ఆ గడ్డిలో చిక్కుకున్న గాలి వల్ల వేడిని గట్టిగా అడ్డుకునేది; అంతే విస్తీర్ణపు రేకు కప్పు గుండా దానికంటే పదింతలకు పైగా వేడి పోతుంది. లోపల బయట 10 డిగ్రీల తేడా ఉన్న రాత్రి 30 చదరపు మీటర్ల రేకు కప్పు సుమారు 1,800 వాట్ల వేడిని బయటికి వదులుతుంది, 1,000 వాట్ల హీటరు ఆ ఇంట్లో ఎన్నటికీ గెలవదు, దాని వెనుక ఉన్న థర్మోస్టాటుకు ఆపే సందర్భమే రాదు. పలుచని సిమెంటు శ్లాబు రేకు కంటే మేలే అయినా గడ్డికప్పుకు చాలా దూరం. ఇందిరా ఆవాస్ యోజన కాలంనుంచి 2023 నవంబరులో ఆదిమ తెగల కోసం మొదలైన పీఎం జన్‌మన్ దాకా గృహ పథకాలు వానకూ పాముకూ నిప్పుకూ భయపడనక్కరలేని పక్కా ఇళ్లను కొండలకు తెచ్చాయి, ఆ భద్రత విలువను తక్కువ చేయరాదు. గడ్డి ఇళ్లలోకి తిరిగి వెళ్లమని కొండవాసులకు చెప్పే హక్కు, మైదానంలో శ్లాబు కింద ఉండేవారికి అసలే లేదు. పక్కా ఇంటి నమూనాలో మాత్రం చలిని ఒక పద్దుగా చేర్చాలి: కప్పు కింద గాలి ఖాళీ వదిలి వెదురు చాపతోనో పలకతోనో రెండో పొర వేయడం, గుమ్మానికీ కిటికీకీ సందులు మూయడం, ఒక్క పడకగదినైనా చిన్నదిగా, ఎత్తు తక్కువగా కట్టడం వంటివి ఇంటి ఖర్చుతో పోలిస్తే కొద్దిపాటివి.

కరెంటు హీటరూ థర్మోస్టాటూ ముందుగా చేరవలసిన చోట్లు ఇళ్లకంటే ఆశ్రమ పాఠశాలల పడక గదులు, ఆరోగ్య కేంద్రాల్లో బాలింతలు, పసికందులు ఉండే గదులు. అక్కడ ఒకే గదిలో ఎందరో ఉంటారు కనుక తలకు పడే ఖర్చు తక్కువ, రాత్రి నిద్రలేచి మీట చూసే పని ఎవరికీ అప్పగించలేనిది కూడా అక్కడే. పాడేరులోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లా యంత్రాంగం, తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ కలిసి రెండు పనులు చేయాలి: ఎత్తైన మండలాల గిరిజన ఇళ్లకు నవంబరునుంచి ఫిబ్రవరి దాకా ఉచిత యూనిట్ల పరిమితిని పెంచాలి, అంతకంటే ముందు ఆ మండలాల్లో కట్టే ప్రతి ప్రభుత్వ ఇంటి కప్పుకూ రెండో పొరను అంచనాల్లోనే చేర్చాలి.